బెర్నీస్ సవరం, వెల్డా నోరు

సినిమా వాళ్లంటే నాకు ఒళ్లు మంట. ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. జీవితమంతా మా సాన్ ఆల్బా బడిలో పిల్లలకి ఎక్కాలు నేర్పినదాన్ని, అల్లరి మూకలంటే నాకు బెదురు లేదు. కానీ ఇంట్లోకొచ్చి కూడా నల్ల కళ్లద్దాలు తియ్యకుండా, "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయండీ మీ కర్టెన్లు!" అని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకునే మనుషులున్నారే, వాళ్లని బెంచీ ఎక్కించాలనిపిస్తుంది నాకు.

వాళ్లు తీసింది మన చావుల మీద సినిమా. న్యూయార్క్ ఆయనెవరో మేనత్త పోతే కాలిఫోర్నియా వచ్చాడట. ఆవిడకి పౌడరు రాసి, జుట్టు దువ్వి, పట్టు దిండు మీద పడుకోబెట్టి, గులాబీ రంగు దీపాలు వెలిగించి, ఆర్గన్ వాయిస్తుంటే ఆయనకి నవ్వొచ్చిందట. మేనత్త శవం ముందు నవ్వొచ్చినవాడు బయటికెళ్లి మొహం కడుక్కోవాలి. ఆయన నవల రాశాడు. దాన్ని సినిమా తీస్తామని లాస్ ఏంజెలస్‌లో పెద్ద పెద్ద శ్మశానాల వాళ్లని అడిగితే గేటు లోపలికి కూడా రానివ్వలేదట. అందుకని మా ఊరొచ్చారు. మా లీలాండ్ ఫౌట్స్‌కి శవాల్ని ముస్తాబు చేసి ఆఖరి చూపుకి పెట్టే ఒక చిన్న శవాల ఇల్లుంది, ముందు తెల్ల స్తంభాలు, పక్కన నారింజ తోట. "బంధువుని పోగొట్టుకున్న కుటుంబం గురించి సున్నితమైన కథ" అని చెప్పారు వాళ్లు. లీలాండ్ ఆ నవల చదవలేదు. అతను ఏదీ చదవడు, నా క్లాసులో ఉన్నప్పుడూ అంతే. తాళాలు ఇచ్చేశాడు.

నేను చెప్పబోయేది మాత్రం లీలాండ్ గురించి కాదు, వెల్డా ప్రూయిట్ గురించి.

మెయిన్ వీధిలో మేకులూ సుత్తులూ అమ్మే కొట్టు పక్కన వెల్డా బ్యూటీ షాపు. మనిషి పొడుగ్గా, ఎముకలతో, మోచేతులు బయటికి పెట్టుకుని నడుస్తుంది. నెత్తి మీద జుట్టు ఆరబెట్టే గిన్నెల్లాంటి డ్రయ్యర్లు పెట్టుకుని వరసగా కూచున్న ఆడవాళ్ల మధ్య తిరుగుతూ అందరినీ "బంగారం" అంటుంది. మా ఊళ్లో ఎవరికి శుక్రవారం ఏ గంటో పెళ్లయిన కొత్తలోనే ఖాయమైపోతుంది, ఇంక మారదు. ఆ కుర్చీ ఒక్కటే కాదు, ఆఖరి దువ్వెన కూడా వెల్డాదే. సాన్ ఆల్బాలో ఒక ఆడమనిషి పోతే ముందు డాక్టరుకి, తర్వాత పాస్టరుకి, ఆ తర్వాత వెల్డాకి కబురు. ఎవరి జుట్టు వాళ్ల మనిషే దువ్వాలి కదా. పాతికేళ్లు వారం వారం తల అప్పజెప్పిన మనిషిని వదిలేసి, పెట్టెలో పడుకున్నాక పరాయిదాని చేతిలో ఎవరు పెడతారు? వెల్డా జుట్టు చుట్టే తన రోలర్లూ, స్ప్రే డబ్బా బుట్టలో వేసుకుని ఫౌట్స్ ఇంటికి వెళ్లేది. దిండుకి ఆనుకునే వెనక జుట్టు ఎవరూ చూడరు, అయినా అదీ చుట్టేది.

చుడుతూ ఆ శవంతో మాట్లాడేది. అదీ ఆవిడ అలవాటు. షాపులో తెరిచిన నోరు అక్కడా మూసేది కాదు. "వంచు బంగారం, కొంచెం ఇటు. మీ ఆయన నీలం కోటు వేసుకుంటానంటున్నాడు, మోచెయ్యి చిరిగింది చూసుకున్నావా?" అని. ఊరి కబుర్లన్నీ చెప్పేది. బతికున్నవాళ్ల దగ్గర వెల్డా గుట్టు బయటపెట్టదు, ఆ మాట ఒప్పుకోవాలి. షాపులో విన్నది షాపులోనే మింగేది. మింగిందంతా ఇక్కడ కక్కేది. విన్నవాళ్లు ఎటూ నారింజ తోట పక్క సమాధుల్లోకే పోతారు కదా.

బెర్నీస్ హోల్కమ్ సంగతి కూడా అలా మింగిందే. నారింజ పళ్లు పెట్టెల్లో సర్దే గోడౌన్ హోల్కమ్‌లది. చర్చిలో ముందు బెంచీ బెర్నీస్‌ది. ఆవిడ జుట్టంటే ఊరంతటికీ అసూయ. తేనె రంగు, ఇంతెత్తు గోపురం. ఎవరైనా "ఎంత ఒత్తుగా ఉందో!" అంటే గడ్డం పైకెత్తి, "మా వంశం రక్తం అలాంటిది" అనేది. అంటూ అద్దంలో వెల్డా వైపు చూసేది. వెల్డా తలూపాలి. ప్రతిసారీ తలూపాలి.

సినిమా వాళ్లకి శవం జుట్టు దువ్వే సీను కోసం, ఆ పని చేసి చూపించే మనిషి కావలసొచ్చింది. లీలాండ్ వెల్డా పేరు చెప్పాడు. "ఒక్కదాన్నీ వెళ్లలేను, నువ్వూ రా టీచర్" అని నన్ను తోడు తీసుకెళ్లింది. వెళ్తే ఏముంది? ఫౌట్స్ గారి ముందు గదిలో తీగలు, దీపాలు, సిగరెట్ పీకలు. మధ్యలో పెట్టెలో ఒక నటి పడుకుని ఉంది. పేరెందుకులెండి, సన్నగా, తెల్లగా, పెద్ద నోరు. డైరెక్టరు కుర్రాడు గడ్డం గోక్కుంటూ, "మీరు మామూలుగా ఎలా చేస్తారో అలాగే చెయ్యండి మేడమ్. మమ్మల్ని మర్చిపోండి" అన్నాడు.

వెల్డా మర్చిపోయింది! అక్కడే కొంప మునిగింది. నటి కళ్లు మూసుకుంది, చేతులు పొట్ట మీద పెట్టుకుంది, ఊపిరి కూడా కనపడనివ్వలేదు. వెల్డా తల పట్టుకుని దిండు సర్దింది, మొదటి రోలర్ చుట్టింది. ఇంక ఆవిడ వేళ్లకి అది శవమే. కళ్లు మూసుకుని పెట్టెలో పడుకున్న తల. ఇన్నేళ్ల అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది.

"నీ జుట్టు బావుంది బంగారం, నీదే కదా? ఏమో, ఈ రోజుల్లో ఎవర్ని నమ్మాలి? మా బెర్నీస్ హోల్కమ్ ఉంది చూడు. ఆ గోపురం అంతా సవరమే."

నేను దగ్గాను.

"ఎప్పుడో జ్వరమొచ్చి నడినెత్తి మీదంతా ఊడిపోయింది పాపం. ప్రతి గురువారం తలుపులేసి, కర్టెన్ దించి, సవరం ఊడదీసి, తొట్లో వేసి ఉతుకుతాను. కుక్కపిల్లకి నీళ్లు పోసినట్టు ఉంటుంది. శుక్రవారం దాన్నే నెత్తిన పెట్టుకొచ్చి 'మా వంశం రక్తం అలాంటిది' అంటుంది. ఏం వంశం? పోస్టులో తెప్పించిన వంశం! నేను అద్దంలో తలూపాలి..."

మళ్లీ దగ్గాను, ఈసారి గట్టిగా.

"చలేసిందా టీచర్? శాలువా కప్పుకో" అని మళ్లీ అందుకుంది వెల్డా.

బెర్నీస్ సవరం సంగతి నాక్కూడా అప్పుడే తెలిసింది. దగ్గడం మర్చిపోయి నోరు తెరుచుకుని విన్నానంటే నన్నేమీ అనకండి, మీరైనా వింటారు. డైరెక్టరు సిగరెట్ వేళ్ల దాకా కాలింది. వెల్డా చివరి పిన్ను పెట్టి, అలవాటుగా శవం బుగ్గ తట్టి, "పద బంగారం, అయిపోయింది" అంది.

శవం కళ్లు తెరిచింది. "థాంక్యూ వెల్డా. నాకు మొత్తం గుర్తుంది" అంది.

తిరిగొచ్చాక షాపు గుమ్మం దగ్గర వెల్డా, "వాడుకోరులే కదా టీచర్? ఇలాంటివి సినిమాలో పెట్టరు కదా?" అంది. "డబ్బు పెట్టి సినిమా తీసేవాళ్లు బెర్నీస్ నెత్తి ఏం చేసుకుంటారు?" అన్నాను. నాకేం తెలుసు సినిమాల గురించి?

పెట్టారు. ఒక్క అక్షరం పొల్లుపోకుండా పెట్టారు ఆ దొంగలు!

సినిమా మా ఊరి హాలుకి వచ్చినప్పుడు ఊరంతా వెళ్లింది, ఫౌట్స్ గారి స్తంభాలు తెర మీద చూసుకుందామని. ఆడవాళ్లందరూ ఆ మధ్యాహ్నమే వెల్డా దగ్గర తలలు చేయించుకుని వచ్చారు. బెర్నీస్ మధ్య వరసలో కూచుంది, గోపురం వల్ల వెనకవాళ్లకి తెర కనపడక గొణుక్కుంటున్నారు. కాసేపు మా స్తంభాలు చూసి చప్పట్లు కొట్టాం. తర్వాత కథ మొదలైంది. మన పాస్టరు లాంటి పాస్టరుని బఫూన్ చేశారు, లీలాండ్ లాంటి మనిషిని జలగ చేశారు. చప్పట్లు ఆగిపోయాయి. అప్పుడొచ్చింది ఆ రోజు పెట్టెలో పడుకున్న నటి, ఈసారి వెల్డా వేషంలో, చేతిలో రోలర్, మోచేతులు బయటికి పెట్టుకుని. పెట్టెలో ఉన్న శవంతో మాట్లాడటం మొదలుపెట్టింది. పేరు మార్చారు, అంతే. గురువారం, కర్టెన్, తొట్టి, కుక్కపిల్ల, అన్నీ వచ్చాయి. ఆ తర్వాత ఒక డబ్బున్న లావుపాటి ఆవిడ తెర మీదకొచ్చి, గడ్డం పైకెత్తి అంది: "మా వంశం రక్తం అలాంటిది."

హాలు మొత్తం తలలు తిప్పింది. చీకట్లో కూడా తెలిసింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో అందుకున్నారు. చివరికి బాల్కనీలో గోడౌన్ కుర్రాళ్లు ఇకిలించారు. బెర్నీస్ లేచింది. గోపురం నీడ తెర మీద పడింది, దానికి ఇంకా నవ్వారు. ఆవిడ ఒక్కసారి కూడా నెత్తి తడుముకోలేదు. మెల్లగా, నిటారుగా నడిచి బయటికి పోయింది. ఆవిడంటే నాకు ఎప్పుడూ పడదు. కానీ ఆ నడక చూసి ఆ నవలాయన చొక్కా పట్టుకుని నాలుగు పీకాలనిపించింది నాకు.

ఆదివారం ప్రార్థన తర్వాత చర్చి కింది గదిలో అందరూ భోజనానికి చేరారు. బెర్నీస్ వస్తుందనుకోలేదు ఎవరూ. వచ్చింది, గోపురంతో సహా. కోడిగుడ్ల పళ్లెం పట్టుకుని నిలబడ్డ వెల్డా దగ్గరికి తిన్నగా వెళ్లింది.

"మిసెస్ హోల్కమ్..." అంది వెల్డా. "నేను కావాలని..."

"నీ గుడ్లు నువ్వే తిను వెల్డా. లీలాండ్! ఇలా రా."

లీలాండ్ నోట్లో ముద్దతో వచ్చాడు.

"అందరూ వినండి. నేను పోయాక ఈ మనిషి చెయ్యి నా తల మీద పడకూడదు. విన్నావా లీలాండ్? వీధిలో పోయే దాన్నెవర్తినైనా పిలు, దీన్ని మాత్రం పిలవకు. నా శవాన్ని కూడా అమ్ముకుంటుంది."

అక్కడితో వెల్డా నోరు మూసుకుంటే బావుండేది. కానీ ఇన్నేళ్లు అద్దంలో తలూపిన మెడ కదా. "మీ తల మీద పడితే నా చేతికి తగలడానికి ఏముందని మిసెస్ హోల్కమ్?" అంది.

నవ్వొచ్చిన వాళ్లు కూడా నవ్వలేదు. ఒక్కొక్కళ్లే వెల్డా పక్క నుంచి జరిగారు. బెర్నీస్ కోసం కాదు, ఎవరి భయం వాళ్లది. ప్రతి ఆడదీ లోపల్లోపల లెక్కేసుకుంటోంది: వెల్డాకి నా గురించి ఏం తెలుసు? ఏ శవానికి చెప్పింది?

ఆ శుక్రవారం షాపులో నేనొక్కదాన్నే. ఖాళీ డ్రయ్యర్లు వరసగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మిగతావాళ్లంతా పక్క ఊరు పోయి, బ్రెడ్డు ముక్కల్లాంటి జుట్లతో తిరిగొచ్చారు. వెల్డా ఒంటరిదైంది. అయినా బాధ షాపు గురించి కాదు. "వాళ్లు బతికున్నన్నాళ్లూ ఎక్కడికైనా పోనీ టీచర్" అనేది, నా నాలుగు వెంట్రుకలే గంటసేపు దువ్వుతూ. "ఆఖర్న నన్ను పిలవరేమో. బెర్నీస్ ఒక దారి చూపించింది కదా. ఆవిణ్ణి వేరేవాళ్లు దువ్వితే, తర్వాత అందర్నీ వేరేవాళ్లే దువ్వుతారు. ఇంక నేనెందుకు ఈ ఊళ్లో?"

నారింజ పూత వచ్చే రోజుల్లో బెర్నీస్ గోడౌన్ మెట్ల మీద కూలబడి ప్రాణం వదిలింది. గుండె. వెల్డాకి కబురు రాలేదు. లీలాండ్ మాట తప్పలేదు, ఎవరో కొత్తమ్మాయిని పిలిపించాడు. ఆ మర్నాడు నేను డ్రయ్యర్ కింద ఉండగా బెర్నీస్ కూతురు మారిస్ షాపులోకి తోసుకొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. నేను డ్రయ్యర్ పైకెత్తాను, లేకపోతే వినపడదు మరి.

"వెల్డా, నువ్వు రావాలి. ఆ అమ్మాయికి ఆ... అది ఎలా పెట్టాలో తెలీలేదు. ముందుకి పెట్టింది, కనుబొమ్మల దాకా. అమ్మ అచ్చం మా నాన్నలా ఉంది."

నవ్వు ఆపుకోవడానికి నేను పెదవి కొరుక్కున్నాను. వెల్డా నవ్వలేదు. "మూత వేసెయ్" అంది.

"మూత వేస్తే ఊరు ఏమనుకుంటుంది? ఏ కారు కింద పడ్డవాళ్లకో వేస్తారు మూత! నాన్న ఒప్పుకోడు. సాయంత్రం అందరూ ఆఖరి చూపుకి వస్తారు. బతిమాలుతున్నాను వెల్డా."

వెల్డా దువ్వెనలో వెంట్రుకలు ఒక్కొక్కటే తీస్తోంది. వెళ్తే ఆవిడ గెలిచినట్టే. వద్దన్న బెర్నీస్ తలే ఆవిడ చేతిలోకి వచ్చినట్టు. వెళ్తుందనే అనుకున్నాను నేను, రోలర్ల బుట్ట వైపు కూడా చూశాను.

"మీ అమ్మ అంతమంది ముందు చెప్పింది" అంది వెల్డా.

"కోపంలో అంది!"

"కోపంలో అన్నదే నిజం బంగారం. మామూలుగా ఉన్నప్పుడు మీ అమ్మ ఏనాడూ నిజం చెప్పలేదు. నా కుర్చీలో అన్నేళ్లు కూచుని నాతో చెప్పిన ఒకే ఒక్క నిజం అది. దాన్ని కాదనడానికి నేనెవర్ని?"

"నువ్వు పగ తీర్చుకుంటున్నావు."

"అవును" అంది వెల్డా. "తలుపు దగ్గరగా వేసి వెళ్లు, దుమ్ము వస్తోంది."

సాయంత్రం నేను వెళ్లాను. వెళ్లకపోతే ఎలా? గులాబీ దీపాలు, ఆర్గన్, పట్టు దిండు, అన్నీ ఉన్నాయి. పెట్టెలో బెర్నీస్ నుదురు లేకుండా ఉంది. మా ఊళ్లో పెట్టె ముందు నిలబడి అనాల్సిన మాట ఒకటుంది, "నిద్రపోతున్నట్టే ఉంది" అని. పాస్టరు నోరు తెరిచి, మూసి, "పూలు బావున్నాయి" అన్నాడు. వెనకవాళ్లు దాన్నే పట్టుకున్నారు. పూలు బావున్నాయి, పూలు బావున్నాయి అంటూ వరస మొత్తం నడిచింది. సినిమాలో నవ్వినవాళ్లెవరూ నవ్వలేదు. ఆడవాళ్లందరూ బెర్నీస్‌ని చూడటం మానేసి తమ తమ జుట్లు తడుముకుంటున్నారు.

శుక్రవారం షాపు నిండిపోయింది. ఎవరి గంటకి వాళ్లు వచ్చి కూచున్నారు, మధ్యలో ఎక్కడికీ పోనట్టు. ఒకావిడ మెల్లగా, "వెల్డా, నాకు మాత్రం ఆఖర్న నువ్వే..." అంది.

"చూద్దాం" అంది వెల్డా, రోలర్ కొంచెం గట్టిగా లాగి.

అంతే, ఇంకెవరూ మాట్లాడలేదు. డ్రయ్యర్ల కింద వరసగా బిగించుకున్న నోళ్లు. పిల్లల సంగతి లేదు, మొగుళ్ల సంగతి లేదు, కేకు సంగతి కూడా లేదు. పరీక్ష హాల్లో కూచున్నట్టుంది. వాళ్లు వచ్చింది ప్రేమతో కాదు, వెల్డాకి తెలుసు. అది తెలిసే మరీ బిగించి చుడుతోంది. మనుషులు తిరిగొచ్చారు కానీ కబుర్లు రాలేదు. ఆ సినిమా వాళ్లు మా ఊళ్లోంచి ఎత్తుకుపోయింది అదీ. వాళ్ల కళ్లద్దాలు పగిలిపోను!

తర్వాత మొదట పోయింది ముసలి ఇడా మే, ఆదివారం బడిలో పిల్లలకి పాటలు నేర్పేది. వెల్డాకి కబురొచ్చింది. బుట్ట మొయ్యడానికి నన్ను పిలిచింది. లోపల ఇడా మే చేతులు పొట్ట మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని పడుకుని ఉంది. వెల్డా తల పట్టుకుని దిండు సర్దింది. మొదటి రోలర్ చుట్టింది. రెండోది చుట్టింది. పెదవులు కదిలాయి, ఆగాయి. వేళ్లు కూడా ఆగాయి.

బుట్టలోంచి చేతి అద్దం తీసింది. వంగి ఇడా మే ముక్కు కింద పెట్టి, చాలాసేపు అలాగే పట్టుకుంది. తీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసింది. ఆవిరి పట్టలేదు.

వెల్డా నిట్టూర్చి అద్దం కింద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగింది. నేను అప్పటికే కుర్చీ లాక్కుని దగ్గరగా కూచుని ఉన్నాను.

"నువ్వు బయటికెళ్లు టీచర్" అంది.

"నేనేం చేశానే?"

"నీకు ఆవిరి పడుతుంది. వెళ్లు."

వెళ్లాను. నా మొహం మీదే తలుపు మూసి గడియ పెట్టింది. నారింజ తోట గట్టు మీద కూచున్నాను. గోడ అవతల వెల్డా గొంతు మొదలైంది. గడగడా, ఆపకుండా, ఎన్నాళ్ల నుంచో మింగిందంతా. ఎంత చెవి ఒగ్గినా ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.